పాత అనుభవాలే మిషనరీని తయారు చేస్తాయా?

ప్రయాణానికి ముందు:
అందరికీ వందనాలు. విదేశీ మిషనరీ సేవకు దరఖాస్తు నింపుతూ ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. ‘మీ గత జీవితంలో ఏ అనుభవాలు మిమ్మల్ని ఈ సేవకు సిద్ధపరిచాయి?’ అని అడిగారు. చాలాకాలం ఖాతాలు చూసే ఉద్యోగం చేశాను. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పాను. అమ్మ మంచం పట్టినప్పుడు ఆఖరిదాకా దగ్గరుండి చూసుకున్నాను. దేవుని పిలుపు ఉంటే చాలు, అనుభవంతో పనేమిటని మా సంఘంలో కొందరి వాదన. మీరేమంటారు?

కాపరి కర్ర:
తప్పకుండా రాయండి. దేవుడు ఏదీ వృథా పోనివ్వడు. మోషే నలభై ఏళ్లు మిద్యానులో గొర్రెలు కాశాడు, తర్వాత అలాంటి అరణ్యంలోనే ఒక జనాంగాన్ని నడిపించాడు. ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చిన మిషనరీ విలియం కేరీ మొదట్లో చెప్పులు కుట్టేవాడు. పనిచేస్తూనే పుస్తకాలు పక్కన పెట్టుకుని లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నాడు. బెంగాల్‌లో బైబిలు అనువాదానికి కూర్చున్నప్పుడు ఆ చదువే అక్కరకొచ్చింది.

అడ్డుప్రశ్న:
పేరు తెచ్చుకున్నవారి జీవితాన్ని చివరి నుంచి మొదటికి చదివితే అన్నీ చక్కగా అతుకుతాయి, అన్నగారూ. చదువుకున్న చెప్పులవాళ్లు ఇంకా ఎందరో ఉండి ఉంటారు, వాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు కాబట్టి వాళ్ల జీవితచరిత్రలు మనకు లేవు. ఆఫ్రికా మిషనరీగా పేరుపడ్డ లివింగ్‌స్టన్ సంగతే చూడండి. వైద్యం చదివింది చైనా వెళ్లాలని. 1839లో నల్లమందు యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది, 1841లో ఆఫ్రికా చేరాడు. ఇప్పుడు మనం ‘ఆఫ్రికా కోసమే సిద్ధపడ్డాడు’ అని సాక్ష్యం చెప్పేస్తాం! అపొస్తలుడు పౌలు కూడా తనకు లాభకరంగా ఉన్నవాటిని నష్టంగా ఎంచుకున్నానని ఫిలిప్పీయులకు రాశాడు కదా.

కాపరి కర్ర:
నష్టంగా ఎంచుకున్నాడే కానీ పారేయలేదు. కొరడాలతో కొట్టబోయినప్పుడు రోమా పౌరసత్వం బయటపెట్టినది ఆ పౌలే. కొరింథులో డేరాలు కుట్టి బతికినదీ ఆయనే.

అడ్డుప్రశ్న:
అవసరం వచ్చినప్పుడు వాడుకోవడం వేరు, ముందుగానే అర్హతల పట్టీలో రాసుకోవడం వేరు. నా అభ్యంతరం రెండోదానికే.

రాత్రి డ్యూటీ:
నేను నర్సును. మిషన్ ఆసుపత్రిలో పనిచేయడానికి పరాయి దేశం వెళ్లి వచ్చాను. ఇద్దరూ అనుభవాన్ని నైపుణ్యంగానే లెక్కేస్తున్నారు. మనిషి వెంట నైపుణ్యం ఒక్కటే రాదు.

కేరీతో పాటు 1793లో బయలుదేరిన జాన్ థామస్ గురించి ఎవరూ మాట్లాడరు. ఆయన వైద్యుడు, అంతకుముందే బెంగాల్‌లో ఉన్నవాడు, బెంగాలీ వచ్చినవాడు. అనుభవమే కొలమానమైతే కేరీ కన్నా ఎన్నో మెట్లు పైన ఉండాలి. కానీ ఆ అనుభవంతో పాటు ఆయన అప్పులూ వచ్చాయి. ఓడ ఎక్కకముందే అప్పులవాళ్లు వెంటపడ్డారు. కలకత్తా చేరాక వెంట తెచ్చిన సొమ్ము కొద్దికాలంలోనే హరించుకుపోయి కేరీ కుటుంబం నానా ఇబ్బందులు పడింది. అయితే 1800లో కృష్ణ పాల్ అనే వడ్రంగి భుజం కీలు తప్పితే సరిచేసింది కూడా ఈ థామసే. ఆ పరిచయంతోనే కృష్ణ పాల్ ఆ ఏడాది డిసెంబరులో బాప్తిస్మం తీసుకున్నాడు. కేరీ వచ్చిన ఏడేళ్లకు దక్కిన తొలి ఫలం అది. ఆ రోజుకు థామస్‌కు మతి చలించింది. ఇప్పుడు చెప్పండి, థామస్ గతం ఆయన్ను సిద్ధపరిచిందా, లేదా?

నా సంగతి చెబుతాను. ఇక్కడ వార్డు మొత్తం నా మాట మీద నడిచేది. అక్కడికి వెళ్లాక మందు సీసా మీది అక్షరాలు చదవలేను, రోగిని ‘ఎక్కడ నొప్పి’ అని అడగలేను. నాకన్నా చాలా చిన్నదైన సహాయకురాలు నా చేతిలోంచి సీసా తీసుకుని, పేరు పలికించి, తప్పు పలికితే నవ్వి, మళ్లీ పలికించేది. భాష పట్టుబడేదాకా రోజూ అదే వరస. ఇంజెక్షన్ చేయడం నాకు కొత్త కాదు, చిన్నవాళ్ల దగ్గర చేతులు కట్టుకుని నేర్చుకోవడమే కొత్త. అందుకు నా ఉద్యోగానుభవం సాయపడలేదు సరికదా, అడ్డుపడింది. పెళ్లయిన కొత్తలో ఉమ్మడి కుటుంబంలో నోరు అదుపులో పెట్టుకున్న అనుభవం మాత్రం పనికొచ్చింది. దాన్ని ఏ దరఖాస్తులో రాస్తారు?

అందుకే చెబుతున్నాను, తమ్ముడూ. ఖాతాల ఉద్యోగం ఒక్క వాక్యంలో తేల్చేయండి. అమ్మ మంచం దగ్గర ఏమి జరిగిందో రాయండి. ఎప్పుడు విసుక్కున్నారో, ఎవరి సాయం తీసుకున్నారో కూడా రాయండి.

అడ్డుప్రశ్న:
అక్కగారూ, థామస్ మాట ఒప్పుకుంటాను. కానీ విసుగు సంగతి రాస్తే పంపే సంస్థ ఊరుకుంటుందా? సేవాయాత్రలో తమతో వచ్చి పెర్గే దగ్గర మధ్యలోనే వెనుదిరిగిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్లే విషయంలోనే కదా పౌలు, బర్నబా విడిపోయారు!

కాపరి కర్ర:
అదే మార్కును తీసుకురమ్మని, సేవకు పనికొస్తాడని తర్వాత తిమోతికి రాసింది కూడా పౌలే. మధ్యలో అతన్ని నమ్మి వెంట తిప్పుకున్నవాడు బర్నబా. సంస్థలో బర్నబా లాంటివారు ఒక్కరైనా ఉన్నారో లేదో కనుక్కోండి.

ప్రయాణానికి ముందు:
తర్వాతి పేజీలో ‘తీర్చని అప్పులు ఉన్నాయా’ అని కూడా ఉంది. ఇదెందుకు అడుగుతున్నారా అనుకున్నాను, ఇప్పుడు అర్థమైంది! అమ్మ సంగతి రాయడం మొదలుపెట్టాను. ఇచ్చిన చోటు చాలేలా లేదు, విడి కాగితం జతచేయవచ్చా అక్కా?

రాత్రి డ్యూటీ:
చేయండి. రెండు పేజీలు దాటనివ్వకండి, చదివేవాళ్లూ మనుషులే.