లాబ్రడార్ కుక్క చెవిలో గోధుమ రంగు జిడ్డు, వాసన. పోయినేడాది మిగిలిన డ్రాప్స్ వేయొచ్చా?

బెజవాడ_చింటూ:

అందరికీ నమస్తే. మాది విజయవాడ. మా లాబ్రడార్ చింటూకి నాలుగేళ్లు. వానలు మొదలైన దగ్గర్నుంచి కుడి చెవి ఒకటే గోక్కుంటున్నాడు, తల విదిలిస్తే చెవులు టపటపా కొట్టుకునే చప్పుడుకి అర్ధరాత్రి ఇంట్లో అందరికీ మెలకువ వచ్చేస్తోంది. డొప్ప ఎత్తి చూస్తే లోపలంతా ఎర్రగా ఉంది, మడతల్లో ముదురు గోధుమ రంగు జిడ్డు, ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన. ఎడమ చెవి కూడా కొంచెం ఎర్రగానే ఉంది కానీ వాసన లేదు. తిండి మామూలుగానే తింటున్నాడు, ఆటా మానలేదు, చెవి మొదట్లో చెయ్యి వేస్తే మాత్రం మూలుగుతున్నాడు.

అమ్మేమో కొబ్బరి నూనెలో వెల్లుల్లి వేసి కాచి గోరువెచ్చగా పోద్దాం అంటోంది. నాన్న స్నేహితుడొకాయన హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి కడిగేయమన్నారు. పోయినేడాది ఇలాగే అయితే డాక్టర్ గారు రాసిచ్చిన డ్రాప్స్ సగం సీసా ఫ్రిజ్‌లో ఉంది, అప్పుడు మూడు రోజులకే తగ్గిపోయింది. అవే వేసేయొచ్చా? బడ్స్‌తో ఆ జిడ్డు తీయొచ్చా? డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లడానికి ఇబ్బందేం లేదు, ఈలోపు ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

గోదావరి_వెట్:

నేను పశువైద్యుడినండి. పెంపుడు కుక్కలు ఎక్కువగా చూస్తాను, వానాకాలం వచ్చిందంటే ఈ చెవుల కేసులు రోజూ ఉంటాయి.

ముందు మీరు అడిగిన దానికి: పాత డ్రాప్స్ వేయకండి. మూత తీసిన సీసా ఎన్నాళ్లు పనిచేస్తుందో లేబుల్ మీదే ఉంటుంది, ఏడాది అయితే దాదాపు ఎప్పుడూ గడువు దాటిపోయే ఉంటుంది. అసలు కారణం అది కాదు. కుక్కల చెవి మందుల్లో చాలావాటిలో మూడు కలిపి ఉంటాయి: బ్యాక్టీరియాకి ఒకటి, ఫంగస్‌కి ఒకటి, దురద, వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఒకటి. మూడో రోజుకే తగ్గినట్టు కనిపించేది ఎక్కువగా ఆ స్టెరాయిడ్ వల్ల. ఎరుపు పోతుంది, గోకడం ఆగుతుంది, మనం ఆపేస్తాం, లోపల ఉన్నది లోపలే ఉంటుంది. మామూలుగా కోర్సు వారం నుంచి రెండు వారాలు ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ పరీక్ష చేసి లోపల ఏమీ లేదని చూశాకే ఆపాలి.

రెండోది, కర్ణభేరి. కుక్క చెవి రంధ్రం మనలాగా కాస్త దూరం తిన్నగా వెళ్లి ఆగేది కాదు. పైనుంచి కిందికి దిగి, అక్కడ లోపలికి మలుపు తిరుగుతుంది, ఆ చివర ఉంటుంది కర్ణభేరి. బయట నుంచి మీకు కనపడదు, మాకూ ఓటోస్కోప్ (చెవి లోపల చూసే పరికరం) పెట్టకపోతే కనపడదు. లోపల చీము పట్టి అది చిల్లు పడి ఉంటే, జెంటమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మందులు, క్లోర్‌హెక్సిడిన్ లాంటి క్రిములు చంపే ద్రావణాలు మధ్య చెవిలోకి దిగి వినికిడినీ బ్యాలెన్స్‌నీ దెబ్బతీయొచ్చు. చూడకుండా పోసేది ఏదైనా, అది మంచి మందే అయినా, నాకు భయమే. పోయినేడాది చూసిన చెవి ఈ ఏడాది అలాగే ఉంటుందని ఎవరూ చెప్పలేరు.

బడ్స్ వద్దు. ఆ మలుపు ఉంది కాబట్టి మీరు తీస్తున్నాననుకున్న జిడ్డులో సగం లోపలికి దిగి అక్కడ గట్టిపడుతుంది. పెరాక్సైడ్, స్పిరిట్ రెండూ ఎర్రగా ఒలిసి ఉన్న చర్మం మీద మంట పుట్టిస్తాయి, ఒకసారి అలా మండితే ఆ కుక్క జన్మలో మళ్లీ చెవి ముట్టుకోనివ్వదు. నూనె పోస్తే జిడ్డుకి జిడ్డు తోడవుతుంది, మాకు లోపల ఏమీ కనపడదు, మైక్రోస్కోప్ కింద పెట్టే స్లైడ్ కూడా సరిగ్గా రాదు.

మీరు చెప్పిన రంగు, పులిసిన వాసన బట్టి మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అనిపిస్తోంది. ఇది కుక్క చర్మం మీద మామూలుగానే ఉంటుంది, తేమ, వేడి దొరికితే విపరీతంగా పెరుగుతుంది. వేలాడే చెవులు, ఆగస్టు ఉక్కపోత, స్నానం చేయించాక ఆరని నీళ్లు, దానికి కావలసినవన్నీ ఇవే. కానీ అనిపించడం వేరు, తెలియడం వేరు. పచ్చగా ఆకుపచ్చగా చీములా ఉంటే బ్యాక్టీరియా, అందులో సూడోమోనాస్ అయితే మొండిది, కల్చర్ పరీక్ష (ఆ క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం) చేయించి మందు ఎంచుకోవాలి. నల్లగా పొడిపొడిగా కాఫీ పొడిలా రాలుతుంటే చెవి పురుగులు (ఇయర్ మైట్స్), ఇవి పిల్లకూనల్లో ఎక్కువ, ఇంట్లో పిల్లి ఉంటే దానికీ అంటుకుంటాయి, ఇంట్లో ఉన్న జంతువులన్నింటికీ మందు వేయాలి. రంగు చూసి నూరు శాతం చెప్పలేం, రెండు రకాలూ కలిసి కూడా ఉంటాయి.

అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు స్లైడ్ తీయమని అడగండి. చెవిలోంచి కొంచెం జిడ్డు తీసి గాజు పలక మీద రాసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఈస్ట్ అయితే మధ్యలో నొక్కుకుపోయిన కణాలు నీలం, ఊదా రంగులో గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. కొద్ది నిమిషాల పని. రెండు చెవులదీ విడివిడిగా తీయమనండి.

ఈలోపు మీరు చేయగలిగింది: బయట డొప్ప మీద ఉన్నది మాత్రం మెత్తటి పొడి దూదితో తుడవండి. స్నానం ఆపేయండి. గోకి పుండు చేసుకోకుండా మెడకి గరాటులాంటి కోన్ కట్టండి. నొప్పి అని మనుషుల మాత్రలు మాత్రం ఇవ్వొద్దు, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్కల కడుపునీ కిడ్నీలనీ పాడు చేస్తాయి. తల ఒక పక్కకి వాల్చినా, తూలినా, గుండ్రంగా తిరిగినా, కనుగుడ్లు అటూ ఇటూ అదురుతున్నా, చెవి డొప్ప ఉన్నట్టుండి మెత్తగా ఉబ్బినా ఆ రోజే వెళ్లండి. ఉబ్బిందంటే తల విదిలించి విదిలించి లోపల రక్తనాళం చిట్లి రక్తం చేరిందన్నమాట.

విశాఖ_జిమ్మీ:

డాక్టర్ గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నాను, మా ఇంట్లో చిన్నప్పటి నుంచి కుక్కలే, అన్నీ నాటు కుక్కలు, ఎప్పుడైనా చెవిలో ఏదన్నా అయితే కొబ్బరి నూనెలో కర్పూరం కలిపి రెండు చుక్కలు వేసేవాళ్లం, తగ్గిపోయేది. ప్రతిదానికీ హాస్పిటల్ అంటే అందరికీ కుదరదు కదా.

గోదావరి_వెట్:

కుదరదని నాకూ తెలుసండి, అందుకే ప్రభుత్వ పశువైద్యశాలకైనా తీసుకెళ్లమంటాను. చాలా నాటు కుక్కలకి చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి, గాలి ఆడుతుంది, అందుకే వాటిలో ఈ రకం ఇన్‌ఫెక్షన్లు తక్కువ. చాలాసార్లు నూనె వేసినా వేయకపోయినా తగ్గేదే తగ్గి ఉంటుంది. కర్పూరం మాత్రం దయచేసి మానేయండి, అది కుక్కలకి విషం. చెవి గోక్కున్న కాలు నాక్కుంటుంది, రెండు కుక్కలుంటే ఒకదాని చెవి ఇంకోటి నాకుతుంది, లోపలికి పోతే మూర్ఛలు రావచ్చు.

కాకర్_అమ్మ:

చింటూ వాళ్లకి నమస్తే. మాది హైదరాబాద్, మాకో కాకర్ స్పానియల్ ఉంది, ఆడపిల్ల, చెవుల విషయంలో మేం పడని కష్టం లేదు కాబట్టి ఒక్క మాట చెప్పాలనిపించింది. పోయినేడాదీ వచ్చింది, ఈ ఏడాదీ వచ్చింది అంటున్నారు, రెండు చెవులూ ఎర్రగా ఉన్నాయంటున్నారు. పాదాలు నాక్కుంటాడా? పొట్ట కింద, చంకల్లో ఎర్రగా ఉంటుందా? ఉంటే అసలు సమస్య చెవిది కాదు, చాలాసార్లు అలర్జీది. చెవి లోపల ఉన్నదీ చర్మమే, ఒళ్లంతా దురద ఉంటే ముందు బయటపడేది అక్కడే. మాకు ఈ మాట చెప్పిన డాక్టర్ దొరికేదాకా డ్రాప్స్ మారుస్తూనే ఉన్నాం, ప్రతి డాక్టరూ కొత్త సీసా రాసేవారు, ప్రతిసారీ తగ్గేది, మళ్లీ వచ్చేది.

మా దానికి తిండి అలర్జీ. తేల్చుకోవడానికి రక్తపరీక్ష పనికిరాదని, అంతకుముందు ఎప్పుడూ తినని మాంసంతో గానీ, దీనికోసమే తయారుచేసే ప్రత్యేకమైన ఫుడ్‌తో గానీ కనీసం 8 వారాలు నడపాలని చెప్పారు. వినడానికి తేలిక. మన ఇళ్లల్లో అదెంత కష్టమో చేసినవాళ్లకే తెలుస్తుంది. మామయ్య గారు చాయ్‌లో ముంచిన బిస్కెట్ ముక్క పెట్టకుండా ఉండలేరు, పనమ్మాయి జాలిపడి పెరుగన్నం ముద్ద పెడుతుంది, పక్కింటి పిల్లలు చిప్స్. ఒక్క ముక్క లోపలికి పోయినా లెక్క మళ్లీ మొదటికే. ఫ్రిజ్ మీద కాగితం అంటించి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పాను. పాత తిండి మళ్లీ ఒక్కొక్కటీ పెట్టి చూస్తే చికెన్‌కి దురద తిరగబెట్టింది, రోజూ అన్నంలో కలిపి పెట్టేది అదే మరి. అందరికీ చికెనే అని కాదు, పాల పదార్థాలు, బీఫ్, గోధుమ కూడా కావచ్చు, కొన్నింటికి తిండితో సంబంధమే ఉండదు, దుమ్ములో పురుగులు, పుప్పొడి.

ఇంత ఎందుకు రాస్తున్నానంటే, ఏళ్ల తరబడి ఇలా వదిలేస్తే చెవి లోపలి గోడలు మందమై, గట్టిపడి, రంధ్రమే మూసుకుపోతుంది. అప్పుడు ఏ డ్రాప్సూ లోపలికి వెళ్లవు, చెవి కాలువ మొత్తం తీసేసే ఆపరేషన్ ఒక్కటే మిగులుతుంది. కాకర్లలో ఇది ఎక్కువ. చింటూకి నాలుగేళ్లే, ఇప్పుడే కారణం వెతకండి.

ఇంకోటి, గ్రూమింగ్ సెంటర్లలో చెవి లోపలి వెంట్రుకలు పీకుతుంటారు, అందరికీ అవసరం లేదు. బాగున్న చెవిలో పీకితే అక్కడ వాచి అదే ఇన్‌ఫెక్షన్‌కి దారి అవుతుంది. డాక్టర్ చెబితేనే చేయించండి.

పొలంగట్టు:

మాది పల్లెటూరు, ప్రకాశం జిల్లా. పొలం దగ్గర కుక్కలుంటాయి. మీ చింటూది ఇది కాకపోవచ్చు గానీ చదివేవాళ్లకి పనికొస్తుందని. చెవి గోకుతుంటే ముందు డొప్ప మడతల్లో పిడుదులున్నాయేమో చూడండి, వేళ్లతో నలపకుండా పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని తిన్నగా లాగాలి, కిరసనాయిలు పోయకూడదు. వానాకాలం ఈగలు చెవి కొసలు కొరికి పుండు చేస్తాయి, ఆ పుండులో గుడ్లు పెడితే పురుగులు పడతాయి. మా ఊళ్లో ఫినాయిలు పోస్తారు, పెట్రోలు కూడా. కుక్క అల్లాడిపోతుంది, చూడలేం. పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే పురుగులు ఏరి శుభ్రం చేసి మందు ఇస్తారు.

పురుగులకి వేసే ఐవర్‌మెక్టిన్ సూది గురించి డాక్టర్ గారు చెప్తే బాగుంటుంది, ఊళ్లో పశువులకి తెచ్చిందే కుక్కలకీ వేసేస్తున్నారు.

గోదావరి_వెట్:

మంచి మాట ఎత్తారు. పశువుల మోతాదు కుక్కకి చాలా ఎక్కువ, సొంతంగా వేయొద్దు. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతుల్లోనూ, వాటి సంకరాల్లోనూ ఒక జన్యులోపం ఉండొచ్చు, అది ఉంటే ఆ మందు మెదడులోకి వెళ్లిపోతుంది, ప్రాణం పోవచ్చు. చెవి పురుగులకి (మైట్స్‌కి) ఇప్పుడు మెడ వెనక వేసే చుక్కల మందులు, నమిలే మాత్రలు ఉన్నాయి, అవి చాలా సురక్షితం. బరువు చూసి రాయించుకోండి.

బెజవాడ_చింటూ:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి తీసుకెళ్లాం. ఓటోస్కోప్‌తో చూశారు, కర్ణభేరి బాగానే ఉందన్నారు. స్లైడ్‌లో కుడి చెవి నిండా ఈస్టే, ఎడమ చెవిలోనూ కొంచెం ఉంది, డాక్టర్ గారు మైక్రోస్కోప్‌లో నాకూ చూపించారు. క్లీనర్, డ్రాప్స్ రాశారు, రెండు వారాలు వాడి మళ్లీ రమ్మన్నారు. అక్కా, మీరడిగారు కదా, పాదాలు నాక్కుంటాడు, ముందు కాళ్ల వేళ్ల మధ్య వెంట్రుకలు ఎర్రబడిపోయాయి, మేం అలవాటేమో అనుకున్నాం. అది కూడా చెప్పాను, చెవి తగ్గాక ఆ సంగతి చూద్దామన్నారు.

ఇప్పుడు అసలు సమస్య, సీసా చూస్తేనే మంచం కిందికి దూరిపోతున్నాడు. ఇద్దరం పట్టుకున్నా సగం మందు గోడలకే. ఎలా వేస్తున్నారండీ మీరు?

కాకర్_అమ్మ:

తమ్ముడూ, వెంటపడి పట్టుకోకు, ముందు ఆ భయం పోగొట్టాలి. సీసా కింద పెట్టి పక్కన కూర్చో, వాడు వచ్చి వాసన చూస్తే ఏదైనా పెట్టు. అలర్జీ ఏంటో ఇంకా తేలలేదు కాబట్టి వాడు రోజూ తినేదాంట్లోంచే పెట్టు, కొత్తవి వద్దు. క్లీనర్ చల్లగా ఉంటే ఉలిక్కిపడతారు, సీసాని కాసేపు గుప్పిట్లో పట్టుకుని వెచ్చబెట్టు. బాత్రూంలో గానీ బాల్కనీలో గానీ, నీ కాళ్ల మధ్య వాడి వీపు నీ వైపు ఉండేలా కూర్చోబెట్టుకో, ఎదురుగా నిలబడితే వెనక్కి పోతారు.

డొప్పని పైకి ఎత్తి పట్టుకుంటే కాలువ తిన్నగా అవుతుంది. సీసా మూతి లోపలికి గుచ్చకుండా క్లీనర్ నిండుగా పోసేయ్, రెండు చుక్కలు చాలవు. చెవి మొదట్లో, దవడ వెనక, గట్టిగా గొట్టంలా తగిలేదాన్ని పట్టుకుని అర నిమిషం మెల్లగా నలుపు, లోపల చప్ చప్ అని వినపడాలి. వాడికి నొప్పి ఉంది కాబట్టి మొదటి రోజుల్లో మరీ మెల్లగా. తర్వాత వదిలేయ్, విదిలిస్తాడు, లోపలి జిడ్డంతా పైకొస్తుంది, వేలికి దూది చుట్టి వేలు వెళ్లినంత వరకే తుడువు. ఓ పది నిమిషాలు ఆరనిచ్చి అప్పుడు డ్రాప్స్ వేసి మళ్లీ నలుపు. క్లీనర్ ఎన్ని రోజులకోసారో డాక్టర్ని అడుగు, రోజూ చేస్తే తడి ఎక్కువై చర్మం నానిపోతుంది.

గోదావరి_వెట్:

అక్క చెప్పినట్టే చేయండి. ఒక్కటి కలుపుతాను: మందు వేశాక చెవి ఇంకా ఎర్రబడినా, వినికిడి తగ్గినట్టున్నా, తూలినా వెంటనే ఆపేసి ఫోన్ చేయండి, కొన్నింటికి మందే పడదు. తగ్గినట్టు కనిపించినా రెండు వారాలప్పుడు మళ్లీ స్లైడ్ మానకండి. పాదాల ఫొటోలు ఇప్పుడే తీసి పెట్టుకోండి, అక్కడికి వెళ్లేసరికి ఆ ఎరుపు తగ్గి ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తాయి.