జీడి పనిలో ఉన్న ఆడవాళ్లకి నీళ్లు, కాఫీ ఎలా కుదర్చాలి?

పలాసలో జీడిపిక్కలు కాల్చే చోట పనిచేసే ఆడవాళ్ల కోసం నీళ్ల లెక్క ఒకటి వేస్తున్నాం, సలహా చెప్పండి. వేడిలో ప్రతి 20 నిమిషాలకి ఒక గ్లాసు, అంటే పావు లీటరు. గంటకి సుమారు 1.4 లీటర్లు మించకూడదు, మించితే రక్తంలో ఉప్పు పలచబడుతుంది. పొద్దుటి కాఫీ ఒంట్లో నీరు లాగేస్తుందన్నది అపోహే, రెండు కప్పులు పర్వాలేదు. అన్నంతోపాటు తాగితే మాత్రం ఐరన్ సరిగా ఒంటబట్టదు, గంట ఆగాలి.

అసలు చిక్కు మరుగుదొడ్డి. అది దూరమైతే నీళ్లే మానేస్తారు, ఆనక మూత్రంలో మంట. ఉద్దానం కిడ్నీ రోగులకి డాక్టరు చెప్పిన కొలతే, ఈ లెక్క వర్తించదు.

బీపీ ఉన్నవాళ్లకి చోడి (రాగి) అంబలిలో ఉప్పు ఎంత వేస్తున్నారు? మరుగుదొడ్డి ఇబ్బంది మీ దగ్గర ఎలా తీర్చారండీ?