ఇంజెక్టర్ రాగి వాషర్: కాల్చి మళ్ళీ వేయొచ్చా, కొత్తదే వేయాల్నా?

అనంతపురం_పికప్

కామన్ రైల్ పికప్ బండి, అంటే అన్ని ఇంజెక్టర్లకూ (సిలిండర్‌లోకి డీజిల్ చల్లేవి) ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పోయే రకం. స్టార్ట్ చేసిన వెంటనే మూడో సిలిండర్ కాడ చుక్ చుక్ మని చప్పుడు. ఇంజెక్టర్ చుట్టూ తారు మాదిరి నల్లగా గడ్డకట్టి ఉంది, క్యాబిన్‌లోకి పొగ వాసన వస్తాంది. అడుగున రాగి వాషర్ కాడ కంప్రెషన్ లీకవుతోందని తేలిపోయింది, దాంట్లో పేచీ లేదు. పేచీ అంతా వాషర్ గురించే. ఇంజెక్టర్ ఊడదీసినాక అదే వాషర్‌ను మంట మీద కాల్చి, మెత్తబరిచి మళ్ళీ వేయొచ్చని కొందరంటారు. ఊడదీసిన ప్రతిసారీ కొత్తది పడాల్సిందేనని ఇంకొందరంటారు. సరైన సైజు ఊర్లో దొరక్కపోతే తెప్పించేదానికి రెండు దినాలు బండి నిలబడిపోతాది. పని తెలిసినోళ్ళు కారణాలతో సహా చెప్పండి.

డోన్_ట్రాక్టర్_మేస్త్రి

వేయొచ్చప్పా. రాగి గుణం తెలిస్తే భయం అక్కర్లేదు. క్లాంప్ (ఇంజెక్టర్‌ను అదిమిపట్టే బిగింపు) కింద నలిగేకొద్దీ రాగి గట్టిపడతాది. గట్టిపడిన రాగి సీటులోని (హెడ్‌లో వాషర్ కూచునే చదును చోటు) గీతల్లోకి ఒదగదు, అందుకే లీకు. కాలిస్తే మళ్ళీ మెత్తబడతాది. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడతాది గానీ, రాగిని ముంచినా మెత్తగానే ఉంటాది.

చేసే తీరు ఇది. వాషర్‌ను ఇనుప తీగకు గుచ్చండి. ఎండలో వద్దు, ఎండలో రంగు తెలీదు. నీడలో గ్యాస్ మంట పెట్టి, ముదురు ఎరుపు కనబడిన క్షణమే తీసేయాల. నారింజ రంగు దాకా పోనిస్తే రాగి రేణువులు ముదిరి మొగం గరుకుబారతాది. తీసిన వెంటనే నీళ్ళలో వేస్తే పైనున్న నల్ల పొర పొట్టు మాదిరి రాలిపోతాది. మిగిలినదాన్ని చింతపండు నీళ్ళలో పది నిమిషాలు నానేసి తోమితే రాగి చెంబు మాదిరి తేటబడతాది. రెండు వేళ్ళ మధ్య పట్టి వంచితే కొంచెం వంగాల. వంగకుంటే సరిగ్గా కాలలేదని లెక్క.

కడప_కామన్‌రైల్

అన్నా, మీరు చెప్పింది పాత మెకానికల్ పంపు (రైల్, కంప్యూటర్ లేకుండా పంపే ఒక్కో ఇంజెక్టర్‌కు డీజిల్ తోసే రకం) ట్రాక్టర్లకు. అడిగింది కామన్ రైల్ బండి గురించి. రెండూ ఒక గాటన కట్టకూడదు.

మెత్తదనం ఒక్కటే లెక్క కాదు, మందం అసలు లెక్క. వాషర్ సీలు మాత్రమే కాదు, నాజిల్ మొన (ఇంజెక్టర్ కింద డీజిల్ చల్లే కొస) సిలిండర్‌లోకి ఎంత దిగాలో నిర్ణయించేది కూడా అదే. ఇంజన్‌ను బట్టి 1.5, 2, 2.5, 3 మిల్లీమీటర్ల వాషర్లు వస్తాయి. ఒకసారి బిగించినాక రాగి నలిగి పలచబడుతుంది. కాలిస్తే మెత్తదనం తిరిగి వస్తుంది గానీ పోయిన మందం తిరిగి రాదు. మెత్తబడింది కాబట్టి రెండోసారి ఇంకా నలుగుతుంది. మొన ఎంత కిందికి దిగితే స్ప్రే అంత కిందికి పోతుంది. పిస్టన్ గిన్నె (పిస్టన్ పైనుండే గుంట) అంచుకు సరిగ్గా తగలాల్సిన డీజిల్ లోపలి గోడకో అడుగుకో కొడుతుంది. అక్కడ సగం కాలి నల్లపొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది, లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పిస్టన్ గిన్నెలో ఒకేచోట వేడి పేరుకుంటుంది.

ఇంకోటి, ఒత్తిడి. టర్బో లేని పాత ఇంజన్‌లో మండేటప్పుడు సిలిండర్‌లో 80, 90 బార్లు ఉంటే, కొత్త టర్బో కామన్ రైల్‌లో 150 దాటుతుంది. నాజిల్ వేడి హెడ్‌లోకి దిగేది కూడా ఈ వాషర్ గుండానే. కాస్త గ్యాస్ జారినా నాజిల్ వేడెక్కి లోపలి సూది పట్టేస్తుంది. ఇంజెక్టర్ వేల రూపాయల సరుకు, వాషర్ దాని పక్కన ఏపాటిది? రెండు దినాలు ఆగడమే మేలు.

డోన్_ట్రాక్టర్_మేస్త్రి

మందం మాట ఒప్పుకుంటా. అయితే మైక్రోమీటర్ ఎందుకుండాది తమ్ముడూ? కాల్చకముందు నాలుగు చోట్ల కొలవండి. కొత్తదాని కొలతకు 0.05 మిల్లీమీటర్ లోపల తేడా ఉంటే వాడుకోవచ్చు, ఎక్కువుంటే పారేయండి. ఇంకో మాట: అంగట్లో దొరికే కొత్తవన్నీ నిఖార్సైనవి కాదు. ఒకే పొట్లంలో 1.5 అని రాసి 1.4 ఒకటి, 1.6 ఒకటి వస్తాంటాయి. కొత్తది కదా అని కొలవకుండా వేసినోడి కన్నా, పాతది కొలిచి వేసినోడి పనే నయం. ఒకటి మాత్రం చూసుకోండి. అయస్కాంతానికి అంటుకుంటే అది ఇనుము మీద రాగి పూత. దాన్ని కాల్చొద్దు, పూత లేచిపోతాది.

తాడిపత్రి_లారీ_పని

ఇద్దరూ వాషర్ కాడే ఆగిపోయినారు. దాని కిందుండే సీటు సంగతి యాడికి పోయింది? కొత్త వాషర్ వేసినా పది దినాలకే మళ్ళీ చుక్ చుక్ మన్న బండ్లలో చాలామట్టుకు తప్పు వాషర్‌ది కాదు, సీటుది. లీకైన వేడి గ్యాస్ హెడ్‌లోని సీటు మీద సన్న కాలువలు కోస్తాది. టార్చి, చిన్న అద్దం పెట్టి చూస్తే వెంట్రుక మందాన నల్ల గీతలు కనబడతాయి. ఎంత మెత్తని రాగి అయినా ఆ గీతను నింపలేదు.

మన తావు సంగతి కూడా చెప్పాల. ఇక్కడి బండ్లు నాపరాయి, గ్రానైట్ క్వారీల్లో, సిమెంటు ఫ్యాక్టరీల కాడ తిరిగేవి. ఇంజెక్టర్ గుంతలో రాతిపిండి, నూనె కలిసి అట్టగట్టి ఉంటాది. అది కడగకుండా ఇంజెక్టర్ పీకితే ఆ పిండంతా నేరుగా సిలిండర్‌లోకి పోతాది. లైనర్ (సిలిండర్ లోపలి గోడ) మీద ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. అందుకే పానా ముట్టకముందే గుంతలో డీజిల్ పోసి, బ్రష్‌తో కలబెట్టి, కంప్రెసర్ గాలితో ఊది శుభ్రం చేయాల. కండ్లకు అద్దాలు పెట్టుకోండి. గాలి కొట్టినాక పైపులు విప్పాల, పైపులు విప్పినాక గాలి కొట్టకూడదు.

సీటు పనికి వస్తే: ముందు నాజిల్ దూరే చిన్న రంధ్రాన్ని గ్రీజు పూసిన గుడ్డముక్కతో మూయండి. దానికి దారం కట్టండి, లోపల పడిపోతే లాగేదానికి. గ్రీజు పూసిన సీట్ కట్టర్‌ను (సీటును పలచగా గీకి చదునుచేసే పనిముట్టు) చేత్తోనే తిప్పాల, డ్రిల్లు పెట్టొద్దు. రెండు మూడు చుట్లు తిప్పి తీసి చూడండి, తునకలు గ్రీజుకే అంటుకుని వస్తాయి. సీటు మొత్తం ఒకే మెరుపు చుట్టు రాగానే ఆపాల. ఎంత కోస్తే మొన అంత కిందికి దిగతాది. కడప_కామన్‌రైల్ చెప్పిన మందం బాధ ఇక్కడ కూడా వస్తాది.

మర్చిపోయేలోపల: పాత వాషర్ ఇంజెక్టర్‌తోపాటు పైకి రాకపోవచ్చు. నల్లబడి సీటుకే అంటుకుని, చూసేదానికి సీటు మాదిరే ఉంటాది. దాని మీదే కొత్తది వేస్తే రెండు వాషర్లు, మొన పైకి పోతాది, క్లాంప్ వంకరగా కూచుంటాది. ప్రతి రంధ్రంలో టార్చి వేసి చూసి, ఊడొచ్చిన వాషర్లను లెక్కపెట్టాల. అంటుకున్నదాన్ని కొన వంచిన గట్టి తీగతో కొక్కెం వేసి లాగితే వస్తాది.

ఆదోని_డ్రైవర్

ఇంజెక్టర్ పట్టేసి రాకుంటే ఒక ఉపాయం అందరికీ తెలిసిందే కదా. క్లాంప్ బోల్టు ఒక చుట్టు లూజు చేసి స్టార్ట్ చేస్తే కంప్రెషనే దాన్ని పైకి తంతాది. పుల్లర్ అక్కర్లేదు.

కడప_కామన్‌రైల్

ఈ మాట చదివి ఎవరైనా కామన్ రైల్ మీద చేస్తారేమోనని భయమేస్తోంది. దయచేసి చేయకండి. ఐడిల్‌లోనే రైల్‌లో 250 నుంచి 350 బార్లు ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే 1600 దాటే బండ్లున్నాయి. ఇంజెక్టర్ కదిలితే దానికి బిగించిన ఉక్కు పైపు కూడా కదలాలి. అది కదలదు, కోను (పైపు చివరి శంకు మూతి) దగ్గర విచ్చుకుంటుంది లేదా పగులుతుంది. అక్కడి నుంచి వచ్చే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న సూదిపోటులాగ కనబడుతుంది, నొప్పి కూడా మొదట్లో తక్కువే. ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. అలా తగిలితే ఆయింట్‌మెంట్ రాసి ఊరుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి, డీజిల్ ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు చెప్పాలి.

నడుస్తున్న ఇంజన్‌లో ఒక్కో పైపు నట్టు లూజు చేసి ఏ సిలిండర్ మిస్సవుతోందో చూసే పాత అలవాటుకూ ఇదే మాట. మెకానికల్ పంపుకు అది నడిచింది, దీనికి వద్దు. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగినాకే పైపు ముట్టండి.

పట్టేసిన ఇంజెక్టర్‌కు దారి ఓపికే. తుప్పు వదిలించే నూనె గుంతలో పోసి రాత్రంతా వదలండి. పొద్దున బాడీ మీద పానా పట్టే చదును ముఖం ఉంటే దానికి పానా వేసి కొంచెం ఇటూ కొంచెం అటూ కదిలించండి. కదలడం మొదలైతే సగం పని అయినట్టే, మళ్ళీ నూనె వేయండి. తర్వాత స్లైడ్ హ్యామర్ పుల్లర్ (కడ్డీ మీద జారే బరువుతో పైకి లాగే పనిముట్టు) బిగించి చిన్న చిన్న దెబ్బలతో నిటారుగా లాగాలి. కరెంటు ప్లగ్గు ఉండే తలభాగం కింద స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే సాలినాయిడ్ (ఇంజెక్టర్‌ను తెరిచే కరెంటు చుట్ట) పోతుంది. పక్క నుంచి సుత్తితో కొట్టడమూ అంతే.

తాడిపత్రి_లారీ_పని

పైపు నట్టు విప్పేటప్పుడు ఇంజెక్టర్ వైపు షడ్భుజాన్ని ఇంకో పానాతో పట్టుకోవాల. పట్టుకోకుంటే లోపలి ఫిట్టింగు కూడా తిరిగిపోతాది, ఇంక ఇంజెక్టర్‌ను పంపు షాపు టెస్ట్ బెంచికి పంపాల్సిందే. విప్పిన ప్రతి మూతికి వెంటనే క్యాపు వేయండి. నాజిల్ రంధ్రాలు మిల్లీమీటర్‌లో ఐదో వంతు కూడా ఉండవు, ఒక్క ఇసుక రవ్వ చాలు. మొన మీద ఇనుప బ్రష్ పెట్టొద్దు.

అనంతపురం_పికప్

క్లాంప్ బోల్టు పాతదే వేయొచ్చా? బాడీకి గ్రీజు పూయాలా వద్దా? నాలుగు ఇంజెక్టర్లు తీసినాక ఏది ఏ సిలిండర్‌లో వేసినా పరవాలేదా?

కడప_కామన్‌రైల్

క్లాంప్ బోల్టు: మాన్యువల్‌లో టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటే అది సాగే బోల్టు. ఒకసారి సాగినది మళ్ళీ పట్టు ఇవ్వదు, కొత్తదే వేయాలి. ఇక్కడ కాల్చడం, మెత్తబరచడం లాంటివేవీ పనికిరావు. వాషర్ కొత్తది వేసి బోల్టు పాతది వేస్తే పట్టు తక్కువై మళ్ళీ అదే లీకు.

గ్రీజు: లోహపు పొడి లేని సిరామిక్ గ్రీజు బాడీ పొడుగునా పలచగా. తర్వాతి సారి పీకేటప్పుడు అది విలువ తెలుపుతుంది. వాషర్‌కు గానీ సీటుకు గానీ తగలకూడదు, మాన్యువల్ చెప్పకుండా బోల్టు మరలకు పూయకూడదు. మరలకు గ్రీజు ఉంటే అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది.

సిలిండర్ మార్చడం: వద్దు. తీసిన వెంటనే 1, 2, 3, 4 అని గుర్తు పెట్టుకోండి. చాలా కామన్ రైల్ ఇంజెక్టర్ల మీద కోడ్ ఉంటుంది. ఏ సిలిండర్‌కు ఏ కోడ్ ఎక్కించారో దాన్ని బట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) డీజిల్ లెక్క సరిచేసుకుంటుంది. తారుమారైతే ఐడిల్ కుదుపు, తట్టే శబ్దం. కొత్త ఇంజెక్టర్ వేస్తే స్కానర్‌తో కోడ్ ఎక్కించాలి.

బిగించే వరస చాలామంది తప్పు చేస్తారు. ఇంజెక్టర్ దించి క్లాంప్ బోల్టు వేళ్ళతో పట్టేంత, పైపు రెండు నట్లూ వేళ్ళతోనే. పైపు కోను నిటారుగా కూర్చుందని తెలిసినాక క్లాంప్ పూర్తి టార్క్, ఆ తర్వాతే పైపు నట్లు. పైపు ముందు బిగిస్తే అది ఇంజెక్టర్‌ను పక్కకు లాగి వాషర్ ఒకవైపే నలుగుతుంది. పైపు నట్లకు చాలా ఇంజన్లలో 25, 30 న్యూటన్ మీటర్లే. చేతి బలంతో పొడుగు పానా వేసి గుంజితే కోను చెడుతుంది.

డోన్_ట్రాక్టర్_మేస్త్రి

సరే, నా మాట ఇంతకు కుదిస్తా. కామన్ రైల్‌కు కొత్త వాషరే, అదీ కొలిచి. మెకానికల్ పంపు ట్రాక్టర్‌కు మాత్రం కాల్చి వేసుకోవచ్చనే మాట మీదే ఉంటా. వేరుశనగ విత్తే పదునులో వాన పడినాక రెండు దినాలు ట్రాక్టర్ నిలబెడితే రైతుకు పదును పోతాది. ఒక వాషర్ కోసం ఆ నష్టం ఎందుకు? ఒక్కసారే కాల్చాల, రెండోసారి కాదు. ఇంజెక్టర్ ఎట్లాగూ బయటికొచ్చింది కాబట్టి పంపు షాపులో నాజిల్ ఎంత ఒత్తిడికి తెరుచుకుంటుందో, చుక్క కారుతుందో చూపించండి.

కడప_కామన్‌రైల్

ట్రాక్టర్ అంటే అన్నీ మెకానికల్ అనుకోవద్దన్నా. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్ నాలుగు (పొగ కాలుష్యం నిబంధన) వచ్చింది, వాటిలో కామన్ రైల్‌వి ఉన్నాయి. హుడ్ ఎత్తి రైల్ ఉందా లేదా చూసినాకే మంట వెలిగించండి. మెకానికల్ పంపుకైతే, ఒక్కసారికి, మీ కొలతతో, నాకు అభ్యంతరం లేదు.

తాడిపత్రి_లారీ_పని

పికప్ తమ్ముడికి ఆఖరి పని. అంతా బిగించి, డీజిల్ లైన్‌లోని ఎయిర్ తీసి, స్టార్ట్ అయినాక ఐడిల్‌లో వదులు. పైపుల కాడ తడి ఉందేమో అట్టముక్క ఆనించి చూడు, చెయ్యి పెట్టొద్దు. ఇంజెక్టర్ గుంతలో సబ్బునీళ్ళు కాసిన్ని పోసి టార్చి వేయి. బుడగలు రాకుంటే వాషర్ పట్టింది. ఒక్క బుడగ వరసగా లేస్తాన్నా అప్పుడే ఆపి విప్పాల, క్లాంప్‌ను ఇంకో చుట్టు గుంజి సరిపెట్టొద్దు. వంద కిలోమీటర్లు లోడుతో నడిపినాక ఇంజన్ చల్లారనిచ్చి ఇంకోసారి అదే చూడు.

అనంతపురం_పికప్

నాలుగు వాషర్లు, నాలుగు క్లాంప్ బోల్టులు ఇంజన్ నంబరు చెప్పి ఆర్డర్ పెట్టేస్తాన్నా. సీట్ కట్టర్ కిరాయికి తెచ్చుకుంటా. సరుకు చేతికొచ్చినాక ఒక్కోదాని కొలత ఇక్కడే పెడతా, బిగించకముందే చూసి చెప్పండి.