కృత్రిమ కాలు కొలతకు ముందు స్టంప్ (కాలు తీసివేశాక మిగిలిన భాగం) వాపు నిలకడపడటం లేదు, సలహా కావాలి

మాది అనంతపురం. మధుమేహం వల్ల మా నాన్నగారికి (61 ఏళ్లు) ఎడమ కాలు మోకాలి కింద తీసివేసి 11 వారాలైంది. కుట్లు పూర్తిగా మానాయి. జ్వరం గానీ చీము గానీ లేవు, పరగడుపు చక్కెర 120-140 మధ్య ఉంటోంది. అయితే మోకాలిచిప్ప కింది అంచుకు 10 సెంటీమీటర్ల దిగువన టేపుతో చుట్టుకొలత తీస్తే ఉదయం 31, సాయంత్రం 33 సెంటీమీటర్లు వస్తున్నందున, కొలత నిలకడపడే దాకా సాకెట్ (కృత్రిమ కాలులో స్టంప్ దూరే గిన్నెలాంటి భాగం) అచ్చు తీయలేమని కృత్రిమ కాళ్ల నిపుణుడు రెండుసార్లు తిప్పి పంపారు.

కుట్లు మానిన తరువాత మొదట క్రేప్ బ్యాండేజీని ఎనిమిది అంకె ఆకారంలో, కొసన బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా, 4 గంటలకోసారి విప్పి కట్టాము. ఆపైన స్టంప్‌ను నొక్కి ఉంచి వాపు తగ్గించే సాగే తొడుగు, అంటే ష్రింకర్ సాక్స్‌కు మారాము. మోకాలి కింద దిండు పెట్టడం మానేశాము (అలా పెడితే మోకాలు వంగి బిగుసుకుంటుందని మాకు ఆలస్యంగా తెలిసింది). చక్రాల కుర్చీలో కాలు వేలాడకుండా చెక్క పలక అమర్చాము. చిక్కంతా ఎండతోనే వస్తోంది: మధ్యాహ్నం చెమటకు సాక్స్ కింద చెమటకాయలు లేస్తున్నందున 12 నుంచి 4 గంటల దాకా తీసేస్తున్నాము, వాపు సరిగ్గా ఆ వేళలోనే ఎక్కుతోంది.

ఇంత వేడి ఊళ్లలో ఈ దశ దాటినవారు, చర్మం చెడకుండా ఆ 4 గంటలూ స్టంప్‌పై ఒత్తిడి తగ్గకుండా ఉంచడానికి ఏ పద్ధతి పాటించారు?