అప్‌డేట్: ఆఫీసు సర్వేలో పిల్లలు, అప్పుల ప్రశ్నలు – తర్వాత ఏమైందంటే

పోయిన నెల అడిగాను కదా, హన్మకొండలో నేను పనిచేసే ఆఫీసులో ‘పేరు రాయక్కర్లేదు’ అని ఇచ్చిన సర్వేలో పిల్లల్ని ఎప్పుడు కంటారు, ఇంట్లో అప్పులెన్ని, ఏ జబ్బుకు మందులు వాడుతున్నారు అని ఉంది, నింపాలా వద్దా అని. అప్పుడు నింపలేదు. పేరు లేకపోయినా లింకు చివర నా ఎంప్లాయీ నంబరు కనిపించింది, పక్క సీటు అక్క ఫోన్లో చూస్తే ఆమె నంబరు ఉంది. ఒళ్లు మండింది.

మీరు చెప్పిన 1991 సుప్రీంకోర్టు తీర్పు చాలా పనికొచ్చింది. ఎల్‌ఐసీ ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చే ఫారంలో ఆడవాళ్ల నెలసరి, గర్భం వివరాలు అడిగితే ఆ కాలమ్స్ తీసేయమని కోర్టు చెప్పిన కేసు అది. సమ్మతి అడిగేటప్పుడు వివరాలు ఎందుకో చెప్పాలని 2023 డేటా రక్షణ చట్టంలో ఉన్న సంగతి కూడా రాసి, నలుగురం కలిసి మెయిల్ పెట్టాం. ఒక్కదాన్నే అయితే పెట్టేదాన్ని కాదు, అంత టెన్షన్ పడ్డాను.

మేనేజర్ సార్ రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు పిల్లల ప్రశ్న, జబ్బుల ప్రశ్న తీసేశారు. అప్పులది ఇంకా ఉంది, దాన్ని ఖాళీగా వదిలేసి పంపాం. ముందే నింపినవాళ్ల జవాబులు చెరిపేశారా అని అడిగితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. సోమవారం మళ్లీ మెయిల్ పెడుతున్నాను.