మన్ననూరు గేటుకు ఎనిమిది నిమిషాలు లేటు: ఏ రూట్లో పోతే అందేవాళ్ళం?

ఈగలపెంట తమ్ముడు:
మా అక్కావాళ్ళు శ్రీశైలం దారిలో, నల్లమల అడవి లోపలి ఈగలపెంటలో ఉంటారు, బావది అక్కడే ఉద్యోగం. బిడ్డను చూడక నాలుగు నెలలైందని అమ్మ పోరుతుంటే మొన్న శనివారం హైదరాబాద్ నుంచి కారు తీశాను. నేను, మా ఆవిడ, అమ్మ, ఐదేళ్ళ బాబు.

రెండింటికి కదలాల్సింది, నా ఆఫీసు కాల్ తెగేసరికి మూడుంపావు. మైసిగండి మైసమ్మ దగ్గర అమ్మ కొబ్బరికాయ కొట్టింది, ఇరవై నిమిషాలు. ఆమనగల్లు దాటగానే వెనక టైరు పంక్చర్. స్టెప్నీ తీస్తే అదీ బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఎవరిదో బైకెక్కి మళ్ళీ ఆమనగల్లు పోయి గాలి కొట్టించుకొచ్చాను. గంటంపావు. దానికోసం డిక్కీ సామాను రోడ్డు పక్కన దించినప్పుడు మామిడికాయ తొక్కు సీసా ఒరిగి, అక్కకు తీసుకున్న చీరంతా నూనె.

తర్వాత కల్వకుర్తిలో మా అత్తగారింట్లో ముప్పావు గంట. అక్కడ ఆగకుంటే అందేవాళ్ళం. గేటు చేరేసరికి 9:08. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవిలోకి బండ్లు వదలరు. అమ్మ కారులోంచే గార్డుకు దండం పెట్టింది. ఆయనా తిరిగి దండం పెట్టాడు, గేటు మాత్రం ఎత్తలేదు. కార్లోనే పడుకున్నాం. పొద్దున మేం చేరేసరికి బావ డ్యూటీకి పోయాడు. మళ్ళీ మూడింటికి తిరుగు ప్రయాణం. అక్క దగ్గర ఉన్నది ఏడు గంటలు.

నా ప్రశ్న ఒకటే. కల్వకుర్తి రూట్ నయమా, సాగర్ రోడ్డు మీదుగా దేవరకొండ పోయి డిండికి వస్తే నయమా?

దేవరకొండ బిడ్డ:
ఇందులో అడగడానికేముంది? ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, దేవరకొండ, డిండి. కళ్ళు మూసుకుని రావచ్చు. కడ్తాల్ నుంచి కల్వకుర్తి దాకా శనివారం పూట శ్రీశైలం పోయే బండ్లే. ఒక బస్సు వెనక ఇరుక్కుంటే అంతే సంగతులు.

కల్వకుర్తి కంకి:
కళ్ళు మూసుకుని డ్రైవింగ్ దేవరకొండోళ్ళకే చెల్లు. అది చుట్టు దారి అన్నా. ఎటు తిరిగినా డిండిలో కలవాల్సిందే కదా.

దేవరకొండ బిడ్డ:
చుట్టయితే ఏంది, నిమ్మళంగా వస్తాం.

పాత స్టీరింగు:
రూట్ కాదు బాబూ, స్టెప్నీ. ముప్పై ఏళ్ళు లారీ తోలినవాణ్ణి చెబుతున్నా, స్టెప్నీలో గాలి చూడకుండా ఇల్లు కదిలేవాడు ఏ రూట్లో పోయినా ఒకటే. మా అల్లుడు ఓసారి నా కారు తీసుకుపోయి, పంక్చరైన టైరును డిక్కీలో పెట్టి, నోరు మెదపకుండా తాళం చేతికిచ్చాడు. మాల్ దాటాక ఎండలో నాకు తెలిసింది. జాకీ ఎక్కించి, బోల్టులన్నీ విప్పాక తెలిసింది! చదువుకున్నవాడే మరి.

ఈగలపెంట తమ్ముడు:
పెద్దాయనా, కారు కొని రెండేళ్ళే. స్టెప్నీ ఒక్కసారీ వాడలేదు, గాలి ఎలా పోయిందో దేవుడికే తెలియాలి. మన టైమ్ బాగాలేదు అంతే.

పాత స్టీరింగు:
వాడకపోయినా గాలి దిగుతుంది. నెలకోసారి చూసుకోవాలి. అందులో దేవుడి పనేమీ లేదు.

నల్లమల నడక:
గేటును మాత్రం తిట్టకండి. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. ఆ రోడ్డు దాని నడుమ నుంచి పోతుంది. రాత్రిళ్ళు జంతువులు రోడ్డు దాటుతాయి.

ఈగలపెంట తమ్ముడు:
తిట్టలేదన్నా. ఎనిమిది నిమిషాలకేనా అని.

పాలమూరు కోడలు:
నేనో లెక్క అడుగుతాను. మీ ఆఫీసు కాల్ గంటంపావు. మీ స్టెప్నీ గంటంపావు. మీ అమ్మగారి కొబ్బరికాయ ఇరవై నిమిషాలు. మీ ఆవిడ తల్లిగారిల్లు ముప్పావు గంట. వీటిలో 'ఆగకుంటే అందేవాళ్ళం' అన్నది ఒక్క దానికే. స్టెప్నీకి దేవుడు, కాల్‌కు అసలు మాటే లేదు. ఎందుకండీ?

ఈగలపెంట తమ్ముడు:
మేడమ్, నేను రూట్ అడిగాను. పంచాయితీ పెట్టలేదు.

కల్వకుర్తి కంకి:
అక్కా, అల్లుడు ఇంటికొస్తే చాయ్‌తో వదులుతారా మా దగ్గర? గేటు టైమ్ వాళ్ళకూ తెలుసు. ఆలస్యమైందని చెప్పి గడపలోంచే పంపాల్సింది.

పాలమూరు కోడలు:
గడపలోంచి పంపడం సంగతి నాకు చెప్పకండి. మాది వనపర్తి సంబంధం, మా తల్లిగారిది జడ్చర్ల. పదకొండేళ్ళుగా ప్రతి దసరాకు జడ్చర్ల మీదుగానే పోతాం. మా ఆయన మా ఇంటి ముందు కారు ఆపుతాడు గానీ ఇంజన్ ఆపడు. మా అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని వస్తే కిటికీ అద్దం దించి అందుకుంటాను. 'దిగిరా బిడ్డా' అని ఆమె అంటూనే ఉంటుంది, ఈయన గేరు వేస్తూనే ఉంటాడు. అడిగితే 'దారిలోనే కదా, మళ్ళీ వస్తాం' అంటాడు. తన ఊరు మాత్రం దారిలో ఉండదు, అక్కడ నాలుగు రోజులు.

మీ అమ్మ బిడ్డను చూడాలంటే రెండు వందల కిలోమీటర్లు కారు తీశారు, సంతోషం. కల్వకుర్తిలో ఉన్నావిడకు మీ ఆవిడ బిడ్డ కాదా?

ఈగలపెంట తమ్ముడు:
మీ ఇంటి కోపం నా మీద తీర్చుకుంటే ఎలా? మా ఆవిడ ఒక్క మాట అనలేదు.

పాలమూరు కోడలు:
అనలేదు కాబట్టే రాశాను.

దేవరకొండ బిడ్డ:
సాగర్ రోడ్డున వస్తే కల్వకుర్తే తగిలేది కాదు. నేను ముందే చెప్పాను.

పాలమూరు కోడలు:
ఇదిగో. రూట్ ప్రశ్న అంటే ఇదే.

కల్వకుర్తి కంకి:
సరే గానీ అన్నా, ఆ రాత్రి మన్ననూరులో బాబుకు తిండి దొరికిందా?

ఈగలపెంట తమ్ముడు:
హోటళ్ళు కట్టేస్తున్నారు. మా దగ్గర జొన్న రొట్టెలు, కోడిగుడ్ల పులుసు ఉన్నాయి. బాబుకు వేరే డబ్బాలో పెరుగన్నం. అవే తిన్నాం.

పాలమూరు కోడలు:
హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నవా?

ఈగలపెంట తమ్ముడు:
లేదు. కల్వకుర్తిలో అత్తమ్మ కట్టిచ్చింది. వేడివేడిగా చేసిస్తాను, పది నిమిషాలు కూర్చోండని...

పాత స్టీరింగు:
ఇంతకీ ఆ పంక్చరైన టైరు బాగు చేయించావా, ఇంకా డిక్కీలోనే ఉందా?

ఈగలపెంట తమ్ముడు:
డిక్కీలోనే ఉంది.