అలుగు అలిగి ముడుచుకుంటుందా?

"అలుగు ఒంటి మీద పెంకులు కదా ఉండాలి, వార్తలో బొమ్మకి జుట్టు ఉందేమిటి?" అని నిన్న ఇక్కడ అడిగారు. మంచి సందేహం. ఆ బొమ్మలోది అలుగు (ఇంగ్లీషులో పంగోలిన్) కాదండీ, టమాండువా. మధ్య, దక్షిణ అమెరికా అడవుల జంతువు. రెండూ చీమల్నీ చెదల్నీ తింటాయి, రెంటికీ పళ్లుండవు, అంతే. చుట్టరికం లేదు.

కుక్క ఎదురైనప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. పారిపోయే దారి లేకపోతే టమాండువా వెనక కాళ్ల మీద లేచి, తోకను నేలకి ఆన్చి, ముందుకాళ్లు బార్లా చాపి నిలబడుతుంది. కౌగిలింతకి పిలుస్తున్నట్టే ఉంటుంది. కానీ ఆ చేతికి కొడవలి లాంటి గోరుంది. నడిచేటప్పుడు అది సొంత అరచేతిలో దిగకుండా చేతి అంచు మీద నడుస్తుంది. మీదికొచ్చిన కుక్క ముట్టెను ఆ గోరే చీరేస్తుంది.

మన అలుగు అలా తిరగబడదు. చిన్నప్పుడు నల్లమల అంచున అమ్మమ్మగారి ఊళ్లో ఒక రాత్రి కుక్కలు ఒకటే మొరుగుడు. లాంతరు తీసుకుని వెళ్తే పుట్ట పక్కన అలుగు, తలా పొట్టా లోపలికి పెట్టుకుని, పైన తోక కప్పుకుని ఉంది. మా నల్లకుక్క నోరంతా తెరిచి పట్టబోతే పళ్లు పెంకుల మీద టకటకా జారిపోయాయి. ఉన్నట్టుండి కుయ్యిమని వెనక్కి దూకింది, పెంకు అంచు తగిలినట్టుంది. తాతయ్య కుక్కల్ని అదిలించి, "దాని జోలికి పోకండ్రా, అదే పోతుంది" అన్నారు. చాలాసేపటికి ముక్కు ఒక్కటే బయటికొచ్చింది.

ఇక మాట సంగతి. అలిగిన పిల్లలా ముడుచుకుంటుంది కాబట్టి అలుగు అయిందంటారు కొందరు. ముద్దుగానే ఉంది గానీ నాకు నమ్మబుద్ధి కాదు. తెలుగులో అలగడం ఉంది, చెరువు అలుగు ఉంది (తెలంగాణలో మత్తడి, అనంతపురం వైపు మరవ), బాణం మొన, కత్తి వాదర కూడా అలుగే. పెంకుల పదును చూసి ఇది ఆ మొన మాటే అని చాలాకాలం అనుకున్నాను. తమిళం చూశాక మనసు మార్చుకున్నాను. వాళ్లకి కత్తి వాదర "అలగు", ఈ జంతువు "అళుంగు". ఆ ళ మన ళ కాదు, "తమిళ్" అన్నప్పుడు చివర పలికేది. వాళ్ల దగ్గర వేర్వేరుగా ఉన్న రెండు మాటలు మన నోట్లో ఒకే రూపానికి వచ్చాయనిపిస్తోంది.

— బాగుందండీ. మరి పంగోలిన్ అనే మాటకి అర్థం?

— మలయ్ భాష నుంచి వచ్చిందమ్మా, చుట్టుకునేది అని. వాళ్లు మాత్రం ముడుచుకోవడం చూసే పేరు పెట్టారు. ఆ ముడుచుకోవడమే దాని ప్రాణం మీదికీ తెస్తోంది. కుక్క విప్పలేని ఉండను మనిషి అలాగే ఎత్తి గోతాంలో వేసుకుపోతున్నాడు. 1972 వన్యప్రాణి చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉన్నా వేట ఆగలేదు.

— టమాండువాకి తెలుగులో ఏమని రాయాలంటారు?

— టమాండువా అనే రాద్దాం. చీమలు పట్టేది అని బ్రెజిల్ టుపీవాళ్లు పెట్టుకున్న పేరట. అలుగు పేరు అలుగుకే ఉండనివ్వండి.